జపాను బొమ్మకథలు – మన యింటి బాలికలు

ఇంటిలోని బాలిక యేమి చదువుచున్నది, యేమి చూచుచున్నది అను విచారము మన పెద్దలకు క్రొత్తగా కలిగినది కాదు. నవల వచ్చిన దినములలో నవల పిల్లలను చెరుపుననిరి. నాటకము వచ్చినప్పుడు నాటకమును, సినిమా వచ్చినప్పుడు సినిమాను అట్లే అనిరి. ఇప్పుడా నింద సెల్‌ఫోనుమీదికి వచ్చినది. నవల చదివిన తల్లులు సినిమాను, సినిమా చూచిన తల్లులు సెల్‌ఫోనును నిందించుట చూడగా, తాను చూచినది నిర్దోషమనియు తన బిడ్డ చూచునది విషమనియు తలచుట ప్రతి తరమునకును స్వభావమేమో యని తోచుచున్నది. ఆ నింద సర్వదా అసత్యమని మేము చెప్పబోము. అయినను ఏది చెరుపు, ఏది మేలు అని నిర్ణయించుటకు ముందు దానిని చూడవలయును గదా! మేము చూచినవారము గనుక, ఒక్క సంవత్సరములో వెలువడిన కొన్ని జపాను బొమ్మకథలను గూర్చి పాఠకులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి. ఆ సంవత్సరము 2018. ఆ కథలు ఆడపిల్ల ఆడపిల్లను ప్రేమించుటను గూర్చినవి.

ఈ మాట చదువగానే పుట త్రిప్పివేయవలెనని కొందరికి తోచవచ్చును. వారిని మేము కోరునది యొక్కటే: త్రిప్పుటకు ముందు మీ యింటిలో పదునేడేండ్ల బాలిక యున్నదేమో ఒక్కసారి తలచుకొనుడు. ఉన్నయెడల ఈ వ్యాసము మీకొరకే వ్రాసినది.

మాకు ఈ కళయం దభిమానము నేటిది కాదు. 1993లో దూరదర్శన్‌లో ఆదివారము ప్రొద్దున మోగ్లీ కథ వచ్చుచుండెను. తోడేళ్ళు పెంచిన బాలుని కథ మన దేశపుటడవులదే యైనను, ఆ బొమ్మలు గీసినవారు జపానువారని మాకప్పుడు తెలియదు. నంద్యాలలో మా వీధివారందరును టెలివిజను ఉన్న యింటి నడవలో చేరి దానిని చూచెడివారు. 2004లో ఆనిమాక్స్ అను ఛానలు మన దేశమునకు వచ్చిన తరువాత, ఈ బొమ్మకథలను 'అనిమే' అందురనియు, అవి పసిపిల్లలకొరకు మాత్రమే కావనియు, పెద్దల సుఖదుఃఖములను చెప్పునవియు వానిలో గలవనియు తెలిసికొంటిమి. 2016లో జియో వచ్చి డేటా చౌకయైన పిమ్మట, టోక్యోలో రాత్రి ప్రసారమైన కథ మరునాటికే నంద్యాలలో మా చేతిలోనికి వచ్చుట మొదలుపెట్టినది.

2017 జూన్ నెలలో మా చెల్లెలి కుమార్తె ఇంటర్మీడియేటు చదువుటకై ఆళ్ళగడ్డనుండి మా యింటికి వచ్చినది. రెండూళ్ళకును నడుమ నలువది కిలోమీటర్ల దూరము. ఆళ్ళగడ్డకు రైలు లేదు. శిరివెళ్ళ మీదుగా బస్సులో పోవలసినదే. ఆమె శనివారము సాయంకాలము పోయి సోమవారము ప్రొద్దున్నే వచ్చెడిది. తక్కిన దినములలో రాత్రి భోజనమై, ఆమె పాఠములు ముగిసిన తరువాత, ఒక్క భాగము ఇద్దరము కలిసి చూచుట అలవాటయ్యెను. ఒక భాగమునకు ఇరువదినాలుగు నిమిషములు చాలును. వానికి తెలుగు మాట లేదు. జపాను మాట వినుచు, క్రింద వచ్చు ఆంగ్లాక్షరములు చదువుకొనుచు చూచెడివారము.

ఇట్టి కథలకు జపానులో 'యూరి' అని పేరు. యూరి యనగా లిల్లీ పువ్వు. 1976లో ఇతో బుంగకు అను పత్రికాసంపాదకుడు స్త్రీలను ప్రేమించు స్త్రీలను లిల్లీ తెగవారని పిలిచెను. ఆ పేరే పిమ్మట కథలకును వచ్చినది. కథలు పేరుకంటె చాల పాతవి. యోషియా నొబుకో (1896–1973) అను రచయిత్రి 1916 మొదలుకొని 'హన మొనొగతారి', అనగా 'పుష్పకథలు' అను పేరుతో ఏబదిరెండు కథలు ప్రకటించెను. అవి బాలికా పాఠశాలలలో చదువుకొను కన్యల గాఢస్నేహమును, ఎడబాటును వర్ణించును. అట్టి స్నేహమును ఆ కాలపు విద్యార్థినులు 'ఎస్' అని పిలుచుకొనిరి. ఆంగ్లమున సిస్టర్ అను పదపు మొదటి యక్షరమది. పెద్దలు దానిని ఓర్చుకొనిరి. ఏలయన అది బడితో ముగియుననియు, పెండ్లితో మాసిపోవుననియు వారి నమ్మకము.

నొబుకో విషయమున అది మాసిపోలేదు. 1923లో పరిచయమైన మోన్మ చియో అను గణితోపాధ్యాయినితో ఆమె కడవరకును కలిసి జీవించెను. ఇద్దరు స్త్రీలకు పెండ్లి చేయు చట్టము లేదు గనుక 1957లో చియోను దత్తత చేసికొనెను. దేశమంతటను పేరుమోసిన రచయిత్రికి, అరువది యేండ్లు దాటిన తరువాత, తన తోడుతో చట్టరీత్యా ఒక్క కుటుంబమగుటకు దొరికిన దారి దత్తతయే! తోడును తోడు అనుటకు వీలులేనప్పుడు మనుష్యులు ఇట్లే చుట్టరికముల చాటునకు పోవుదురు. 1994లో వచ్చిన 'సెయిలర్ మూన్ ఎస్' అను బొమ్మకథలో హరుక, మిచిరు అను యువతులు ఒకరినొకరు ప్రేమించినవారు. దానిని ఆంగ్లమునకు మార్చినవారు ఆ యిద్దరిని వరుసకు అక్కచెల్లెండ్రను జేసిరి. బంధుత్వపు పేరుతో ప్రేమను కప్పుట మన యిండ్లలోనే కాదు, అమెరికాలోను కలదు.

ఇక 2018 సంగతి. జనవరిలో 'సిట్రస్' అను పండ్రెండు భాగముల కథ మొదలయ్యెను. యూజు, మెయి యను ఇద్దరు బాలికలు. వారి తల్లిదండ్రుల పునర్వివాహముచేత అక్కచెల్లెండ్రయినవారు. ఆ సంవత్సరపు కథలలో మాకు నచ్చనిది ఇదియే. ఇద్దరును ఆడపిల్లలైనందున కాదు. ఇష్టమడుగకుండ బలవంతముగా ముద్దుపెట్టుకొనుటను ప్రేమకు గురుతుగా చూపినందున నచ్చలేదు. ఈ మాటయే మా బాలికతో అంటిమి. ఆమె, "సినిమాలో మగోడు చేస్తే హీరో అంటారు గదా పెద్దమ్మా" అనెను. ఆ మాట నిజము. నాయికను వీధులవెంట తరిమి, విసిగించి, కడకు పెండ్లాడిన నాయకులకు మనము ఎన్నియేండ్లు చప్పట్లు కొట్టలేదు! తప్పు పట్టినయెడల రెండింటిని పట్టవలయును. ఇంత చర్చ ఆ రాత్రి మా యింట జరిగినదనగా, అది చూచుటవలన కలిగినదే గాని దాచుటవలన కలిగినది కాదు.

ఏప్రిల్‌లో క్యోటో ఆనిమేషన్ సంస్థవారు, యమద నవొకో అను దర్శకురాలి చేత, 'లిజ్, నీలిపక్షి' అను చలనచిత్రమును వెలువరించిరి. నిడివి తొంబది నిమిషములు. మిజొరె ఓబో వాయించును, నొజొమి ఫ్లూటు వాయించును. ఇద్దరును పాఠశాల వాద్యబృందములోనివారు. మిజొరెకు నొజొమియే లోకము. నొజొమికి స్నేహితులు పలువురు. వారు వాయింపవలసిన సంగీతమునకు మూలమైన కథలో లిజ్ అను ఒంటరి యువతి, బాలిక రూపమున తన యింటికి వచ్చిన నీలిపక్షిని ప్రేమించి, ప్రేమించినందుననే ఎగురవిడుచును. తాను లిజ్ ననియు నొజొమి పక్షి యనియు మిజొరె యనుకొనుచుండును. ఎగురగల రెక్కలు, అనగా సంగీతమున గొప్ప ప్రజ్ఞ, తనకే యున్నవని క్రమముగా తెలియును. ఈ చిత్రములో ప్రేమయని పేరు పెట్టి చెప్పినది స్వల్పము. ఒకతె నడకను మరియొకతె వెనుకనుండి వినుట, జడ కదలుట, అడుగుల చప్పుడు – ఇంతలోనే సర్వమును తెలియును. బాలికల వసతిగృహములో ఎప్పుడైన నివసించిన స్త్రీ దీనిని చూచి తన చిన్నతనమును తలచుకొనకుండ ఉండజాలదు. ఈ చిత్రము గీసిన సంస్థలో 2019 జులై 18వ తేదీన ఒక దుండగుడు నిప్పు పెట్టగా ముప్పదియారుగురు మరణించిరి. ఆ వార్త విన్న రాత్రి మేము ఆ చిత్రమును మరల చూచితిమి.

జూన్‌లో 'అసగావొ, కసె-సాన్' వచ్చెను. ఏబదియెనిమిది నిమిషముల చిన్న చిత్రము. యమద అను పిల్ల బడితోటకు నీళ్ళు పోయును. కసె పరుగుపందెములలో పేరెక్కినది. ఇద్దరును ప్రేమించుకొందురు. ఎవరును చావరు, ఎవరును ఎవరిని శపింపరు. బడి ముగియుచుండగా కసె టోక్యోకు పోవలసివచ్చును; సొంతయూరిలో ఉండదలచిన యమద కడకు తానును అక్కడికే పోయి చదువవలెనని నిశ్చయించి రైలెక్కును. ఇంతే కథ. ఈ యింత సుఖము చూపుటకు జపానువారికి ఎంత కాలము పట్టినదో పాఠకులు గమనింపవలెను. 1911లో టోక్యో బాలికా పాఠశాలలో చదివిన యిద్దరు యువతులు, ఒకరినొకరు విడువలేక, నీగత తీరమున సముద్రములో పడి మరణించిరి. మన దేశపు పత్రికలలోను అట్టి వార్త అప్పుడప్పుడు మూలనెక్కడనో నాలుగు పంక్తులలో వచ్చుచునే యున్నది. సముద్రమునకు పోయిన ఆ యిద్దరికిని, రైలెక్కిన ఈ యిద్దరికిని నడుమ నూటయేడు సంవత్సరములు గడచినవి.

జులైలో 'రెవ్యూ స్టార్‌లైట్' అను నాటకశాల కథ వచ్చెను. అందలి బాలికలు రంగస్థలమునకై ఒకరితో నొకరు పోరాడుదురు, ఒకరికొరకు ఒకరు ప్రాణమిత్తురు. దాని వెనుక 1914 నుండి ప్రదర్శనలిచ్చుచున్న తకరజుక నాటకసమాజపు ఛాయ కలదు. అందు పురుషపాత్రలును స్త్రీలే ధరింతురు. మనవారికి ఇది వింతగా తోచనక్కరలేదు. స్థానం నరసింహారావుగారు స్త్రీవేషము వేయగా చూచి మురిసిన జాతి మనది. వేషము మారినప్పుడు మనము కన్నీరు కార్చి ఆనందించితిమి. మనస్సు మారునేమో యని భయపడలేదు.

సెప్టెంబరు 6వ తేదీ గురువారమున సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను, వయస్సు వచ్చినవారు పరస్పరేష్టముతో చేయు ప్రణయమునకు వర్తింపదని ఐదుగురు న్యాయమూర్తులును ఏకగ్రీవముగా చెప్పిరి. ఆ సాయంకాలము మా బాలిక కాలేజీనుండి వచ్చి వార్తలు రెండుమార్లు చూచినది. ఏమియు అనలేదు. మేమును అడుగలేదు. ఆనాడు అన్నము మాత్రము ఇద్దరమును ఆలస్యముగా తింటిమి.

తీర్పు వచ్చినది గదా, ఇక నేమి యని కొందరనిరి. మన యాంధ్రదేశపు చరిత్ర ఎరిగినవారు అట్లనరు. వితంతువుల పునర్వివాహమునకు చట్టము 1856లోనే వచ్చినది. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. చట్టము ప్రభుత్వపు కాగితము విడిచి తెలుగువారి పెండ్లిపందిరి క్రిందికి వచ్చుటకు ఇరువదియైదు సంవత్సరములు పట్టినది! వచ్చినప్పుడైనను, వంటవారును నీళ్ళు తెచ్చువారును రామనగా రాజ్యలక్ష్మమ్మగారు తామే వండి, తామే గోదావరినుండి నీళ్ళు మోసిరి. పంతులుగారి యుపన్యాసములు ఎంత గొప్పవైనను, ఆ దినమున ఆ పెండ్లి నిలిచినది ఆ యిల్లాలి భుజముమీది బిందెవలన. కాబట్టి 2018 తీర్పును చూచినప్పుడు మాకు కలిగిన ప్రశ్న న్యాయస్థానమును గూర్చినది కాదు. ఈ పిల్లలకు బిందె మోయువారెవరు?

ఆ ప్రశ్నకు సమాధానము మాకు మరుసటి నెలలో, మేము ఎదురుచూడని చోట దొరికినది. అక్టోబరు 5వ తేదీన 'యగతె కిమి ని నరు' అను పదుమూడు భాగముల కథ మొదలయ్యెను. ఆంగ్లమున దీనిని 'బ్లూమ్ ఇంటు యూ' అందురు. నకతని నియో వ్రాసి గీసిన పుస్తకములు దీనికి మూలము. అందు యూ అను బాలిక పుస్తకముల దుకాణము వారి పిల్ల. పాటలలోను కథలలోను ప్రేమను గూర్చి చదివిన మాటలన్నియు ఆమెకు తెలియును. అవి యేవియు తనకు అనుభవమునకు రావు. ఒక బాలుడు ప్రేమించితినని చెప్పగా ఏమి బదులు చెప్పవలెనో తోచక మిన్నకుండును. తన కంటె ఒక తరగతి పెద్దయైన తోకొ ఆమెను ప్రేమింతునని చెప్పును. యూ అప్పటికిని తన మనస్సు తాను ఎరుగదు. కథయంతయు ఆ యెరుగమి మెల్లగా ఎరుకయగుటయే. ఎవరును ఆమెను తొందరపెట్టరు. మా యభిప్రాయమున ఆ సంవత్సరపు కథలలో ఉత్తమమైనది ఇది.

ఆ కథలో మాటిమాటికి వచ్చు జపాను మాట 'సుకి'. దానిని తెలుగున ఏమందుమని మా బాలిక అడుగగా, 'ఇష్టము' అంటిమి. జపానువారు చేప కూరయు సుకి యందురు, ప్రాణము వంటి మనిషియు సుకి యందురు. మనమును అంతే, పప్పన్నమనిన ఇష్టము, మనిషి యనినను ఇష్టమే. 'చెలి' అను మాట చూడుడు. చెలి యనగా స్నేహితురాలు. చెలి యనగా ప్రియురాలు. రెండింటికిని నడుమ మన భాష గోడ కట్టలేదు. ఇది చెప్పగా ఆమె నవ్వి, "అయితే తెలుగులో దాచిపెట్టేది సులువే" అనెను. చెప్పుటయు అంతే సులువు గావలెనని మేమంటిమి.

ఈ కథలో కాఫీ దుకాణము నడుపు మియకో అను స్త్రీ యున్నది. ఆమెయు, ఆ పాఠశాలలో ఉపాధ్యాయిని యైన రికొయు జంటగా జీవించుచున్నవారు. తోకొను మౌనముగా ప్రేమించుచున్న సయక అను మరియొక బాలిక, ఎవరితోను చెప్పుకొనలేని తన బాధను మియకో దగ్గర కూర్చుండి చెప్పుకొనును. మియకో ఉపదేశము చేయదు, కాఫీ యిచ్చి వినును. ఇట్టి కథలలో పెద్దవయస్సు స్త్రీలు కానవచ్చుట అరుదు. బడి గేటు దాటిన తరువాత ఈ ప్రేమలకు జీవితమే లేదన్నట్లు చాల కథలు ముగియును. కావున మియకో కాఫీ కలుపుచు నిలుచుటయే మాకు గొప్ప వార్తగా తోచినది. ఆ భాగము ముగిసిన తరువాత మా బాలిక చాలసేపు ఊరకుండి, "పెద్దమ్మా, ఆ కాఫీ అంగడామె మాదిరి మన నంద్యాలలో ఎవురన్నా ఉన్నారా?" అని అడిగినది.

లక్షలమంది వచ్చిపోవు మహానంది చెంతనున్న యూరిలో, ఇన్ని వీధులలో, అట్టివారు లేకపోరు. ఉన్నను బోర్డు కట్టుకొని కూర్చుండరు. "ఉండే ఉంటారు. వాళ్ళు అగుపించేదాకా నన్నడుగు" అంటిమి. అంతకు మించి ఆమె చెప్పలేదు, మేము త్రవ్వలేదు.

డిసెంబరు 28వ తేదీన ఆ కథ ముగిసినది. ముగిసినదనుట కంటె ఆగినదనుట మేలు. బాలికలు సిద్ధపరచుచున్న నాటకము రంగమెక్కకమునుపే పదుమూడు భాగములును అయిపోయినవి. తరువాయి పుస్తకములలోనే చదువుకొనవలసి వచ్చినది.

2019 సంక్రాంతి సెలవులకు మా బాలిక ఆళ్ళగడ్డకు పోయినది. పండుగనాడే మా చెల్లెలు ఫోను చేసెను. "అక్కా, ఇది అర్ధరాత్రి దాకా ఇద్దరాడపిల్లల బొమ్మలు చూస్తాంది. ఫోను తీసి బీరువాలో పెట్టినా. పరీచ్చలు కాంగానే సంబంధం చూస్తామంటాండారు మీ మరిది. నువ్వొకసారి రా." కనుమ మరునాడు బయలుదేరితిమి. ఎడమవైపున నల్లమల కొండలు ఊరు వచ్చువరకును వెంట వచ్చుచునే యుండును. ఆళ్ళగడ్డ చేరగానే వీథి ప్రక్కల శిల్పులు రాతిని చెక్కు చప్పుడు వినవచ్చినది. అహోబిలేశుని పార్వేట మొదలైన దినములవి. చెంచులక్ష్మితో తన పెండ్లికి రండని పిలుచుటకు నరసింహస్వామి పల్లకి యెక్కి, కనుమనాడు మొదలుకొని నలువది దినములకు పైగా, ముప్పదికి పైగా గ్రామములు తిరుగును. చెంచులు ఆయనను తమ యింటి యల్లుడందురు. వైకుంఠవాసి అడవిబిడ్డను పెండ్లాడుచు, సిగ్గుపడక, ఊరూరను తిరిగి పిలుచుచుండగా గడపలు కడిగి హారతు లెత్తు సీమ అది.

మేము చెల్లెలితో వాదింపలేదు. బీరువాలోని ఫోను తెప్పించి, ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, 'కసె-సాన్' చిత్రమును మొదటినుండి తుదివరకు చూపితిమి. ఆంగ్లాక్షరములు మేమే తెలుగున చెప్పితిమి. ముగిసిన తరువాత ఆమె, "ఇంతేనా? చెట్లకు నీళ్ళు పోసే పిల్ల, పరుగెత్తే పిల్ల. ఇద్దరూ సదువుకునేదానికి పోయినారు. నేనేందో అనుకుంటి" అనెను. పిమ్మట గొంతు తగ్గించి, "మన పిల్లగూడా అట్లాంటిదేనా అక్కా?" అని అడిగినది.

ఆ ప్రశ్నలో కోపము లేదు, భయమున్నది. భయము వెనుక ప్రేమయు ఉన్నది. మేమిట్లు చెప్పితిమి: "నీ యింటి ముందర శిల్పులు నీకు తెలియనివారు కారు. విగ్రహమునకు కన్నులు ఎప్పుడు తెరతురు? అంతయు అయిన తరువాత, ముహూర్తము చూచి, కడపట తెరతురు. సగము చెక్కిన రాతికి కన్నులు పొడిచిన శిల్పి యున్నాడా? ఈ పిల్ల యింకను తయారగుచున్నది. తన మనస్సు తనకే పూర్తిగా తెలిసియుండదు. ఇప్పుడే పెండ్లి చేసినను, ఇప్పుడే పేరు పెట్టి నిందించినను రెండును ఒకటే తొందర. దానిని చదువుకొననిమ్ము. తెలిసిననాడు అదియే చెప్పును. చెప్పుటకు నీ దగ్గరికి రాగలుగునట్లు నీవుండుము." మా మరిదిగారు ఆ మాటకు వెంటనే ఒప్పుకొనలేదు. రెండు దినములు మాటలాడలేదు. మూడవ నాడు, సంబంధము సంగతి డిగ్రీ అయిన పిదప చూచుదమని తానే చెప్పెను.

ఆ బాలిక పరీక్షలు వ్రాసినది, డిగ్రీ ముగించినది, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగము చేసికొనుచున్నది. ఆమె మనస్సు ఏ దారిదో మేము వ్రాయము; అది ఆమె చెప్పుకొనవలసిన మాట. ఈ వ్యాసమును ఆమెయు ఆమె తల్లియు చదివి, ప్రకటింపవచ్చునన్న తరువాతనే పంపుచున్నాము.

ఈ నడుమ న్యాయస్థానములలో మరికొన్ని సంగతులు జరిగినవి. 2021 జూన్ 7వ తేదీన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్‌గారు, మధురైనుండి పారిపోయి వచ్చిన యిద్దరు యువతుల వ్యాజ్యములో తీర్పు చెప్పిరి. అంతకుముందు, ఈ విషయము తనకు తెలియదని యొప్పుకొని, మనస్తత్త్వశాస్త్రజ్ఞురాలి యొద్ద తానే పాఠము చెప్పించుకొనిరి. 2023 అక్టోబరు 17వ తేదీన సుప్రీంకోర్టు ఇట్టి జంటల పెండ్లిని గుర్తించుట పార్లమెంటు పనియని చెప్పి తప్పుకొనెను. ఆ వ్యాజ్యమునకు పేరు వచ్చిన సుప్రియో చక్రవర్తి, ఆయన తోడు అభయ్ డాంగ్, హైదరాబాదువారే. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, విజయవాడలో కలిసి జీవించుచున్న యిద్దరు యువతులలో ఒకరిని తండ్రి తీసికొనిపోయి నిర్బంధించెనని రెండవవారు పెట్టుకొన్న హెబియస్ కార్పస్ పిటిషనును విని, వయస్సు వచ్చిన యువతి తన యిష్టము వచ్చినవారితో నుండవచ్చుననియు తల్లిదండ్రులు అడ్డుపడరాదనియు చెప్పెను.

ఈ తీర్పు సంతోషకరమైనదే. అయినను కన్నబిడ్డను చూచుటకు కోర్టు మెట్లెక్కవలసిన దినము ఏ తల్లికిని రాగూడదు. బాలిక మనస్సు విప్పి చెప్పుకొనుటకు ఇంటిలో ఒక్కరున్నయెడల ఆ దినము రాదు. ఆ యొక్కరు తల్లియే కానక్కరలేదు. పెద్దమ్మ కావచ్చును, మేనత్త కావచ్చును, అవ్వ కావచ్చును. ఆమె పండితురాలు కానక్కరలేదు, చట్టములు తెలిసినది కానక్కరలేదు. అడిగినప్పుడు అదిరిపడకుండ వినగలిగిన చాలును.

ఈ బొమ్మకథలన్నియు మంచివని మేమనము. కొన్ని ధనాపేక్షచేత చేసినవి, కొన్ని బాలికల దేహములను చూపుటకే చేసినవి. ఏరుకొనవలయును, ఏరుటకు పెద్దలు ప్రక్కన నుండవలయును. ఫోను తీసి బీరువాలో పెట్టినయెడల చెడ్డ కథలతోపాటు మంచి కథయు, కథతోపాటు మాటయు లోపలనే ఉండిపోవును. పాఠకులలో ఈ మార్గమును పరీక్షింపదలచినవారు 'కసె-సాన్'తో మొదలుపెట్టవచ్చును. గంట కంటె తక్కువ. వచ్చు సెలవులకు మీ యింటి బాలిక వచ్చినప్పుడు ఆమె ప్రక్కన కూర్చుండి చూడుడు. ముగిసిన తరువాత ప్రశ్నలు వేయకుడు. ఆమె యేదైన అడుగునేమో, కొంచెముసేపు అక్కడనే కూర్చుండుడు.